కొలబద్ద ముందు నిలబడిన అమ్మాయిలు

హైదర్‌గూడలో మా ఇంటి వంటగది గుమ్మానికి ఎడంపక్కన పెన్సిలు గీతలున్నాయి. అక్కకీ నాకూ ప్రతి పుట్టినరోజునాడూ నాన్న గీసినవి. ఇంటికి ఎన్నిసార్లు సున్నాలు వేయించినా ఆ చెక్క మీద మాత్రం అమ్మ రంగు పడనివ్వలేదు. నా గీతలు పదకొండో ఏడు నుంచి గబగబా పైకెక్కి అయిదడుగుల తొమ్మిదంగుళాల దగ్గర ఆగాయి. ఒకసారి సరదాకి నాన్న అమ్మని కూడా నిలబెట్టి ఒక గీత గీశారు, 1998లో. దాని కింద తేదీ కూడా ఉంది. ఇప్పుడా గుమ్మానికి మా అక్క కూతురి గీతలు కూడా చేరాయి. దానికి పదమూడేళ్ళు. నాలుగడుగుల తొమ్మిదంగుళాలు.

మొన్న వేసవిలో అది నారాయణగూడ వైపు ఒక వ్యాయామశాలలో వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకుంటానంది. అమ్మ ఒప్పుకోలేదు. ''బరువులెత్తితే పెరిగే ఎత్తు కూడా ఆగిపోతుందే! ముందు నాలుగంగుళాలు పెరగనీ, తర్వాత నీ ఇష్టం. డాన్సులో చేరరాదూ, ఒళ్ళు సాగుతుంది'' అంది. పిల్ల నా వైపు తిరిగింది. ''పిన్నీ, నువ్వు పిహెచ్‌డి చేశావు కదా, అమ్మమ్మ చెప్పేది నిజమేనా?''

నేను చేసిన పిహెచ్‌డి ప్రబంధ నాయికల అంగవర్ణనల మీద. కళ్ళు, నడుము, నడక మీద ఎన్ని పద్యాలున్నాయో చెప్పగలను గానీ ఎముకలెలా పెరుగుతాయో నాకేం తెలుసు? అయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే, అదే గుమ్మం ముందు ఇంకో ప్రశ్నతో నేనూ ఒకప్పుడు నిలబడ్డాను. దానిది పొట్టి అవుతానేమోనన్న భయం. నాది మరీ పొడుగైపోయానన్న అవమానం.

ఏడో ఏట నన్ను ఒక నృత్య తరగతిలో చేర్చారు. పదేళ్ళదాకా నేను ముందు వరసలో ఉన్నాను. పదకొండో ఏట రెండో వరసకి, పన్నెండులో చివరి వరసకి వెళ్ళాను. నా అడుగులు తప్పాయని ఎవరూ అనలేదు. ''వెనక ఉన్న పిల్లలు కనిపించడం లేదమ్మా'' అనేవారు. వార్షికోత్సవాల్లో నాకు వేటగాడి వేషం, తర్వాత రాక్షసుడి వేషం, ఆ తర్వాత ద్వారపాలకుడి వేషం ఇచ్చారు. ద్వారపాలకుడికి అసలు అడుగులే లేవు, బల్లెం పట్టుకుని నిలబడటమే. అప్పటికి నా పొడుగుని దాచుకోవడానికి భుజాలు వంచి నడవడం అలవాటైపోయింది. ''గూనిదానిలా ఏమిటా నడక'' అని దానికీ తిట్లు పడ్డాయి. 2000 సంవత్సరంలో గజ్జెలు విప్పేశాను. నా మోకాళ్ళ నొప్పి సాకుగా పనికొచ్చింది. ఆ నొప్పి సాకు కాదని, దానికి లెక్క ఉందని తెలియడానికి నాకు పాతికేళ్ళు పట్టింది.

పరిశోధన చేసేటప్పుడు అభినయదర్పణం చదివాను. నందికేశ్వరుడి పేరు మీద ఉన్న ఈ గ్రంథాన్ని ఇంగ్లీషు ప్రపంచానికి మొదట పరిచయం చేసినవాళ్ళలో మన తెలుగాయన ఉన్నారు. చీరాల-పేరాల ఉద్యమం నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఆనంద కుమారస్వామితో కలిసి చేసిన అనువాదం 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణగా వచ్చింది. అందులో పాత్ర లక్షణాలున్నాయి. పాత్ర అంటే నర్తకి. ఆమె సన్నగా, అందంగా, వయసులో ఉండాలి. మరీ లావూ మరీ సన్నమూ కాకూడదు, మరీ పొడుగూ మరీ పొట్టీ కాకూడదు. ఆ తర్వాత పనికిరాని పదిమంది జాబితా వస్తుంది. పొడుగు మనిషి, పొట్టి మనిషి, లావు మనిషి, బక్క మనిషి, గూని మనిషి, జుట్టు పల్చబడిన మనిషి, గొంతు లేని మనిషి... ఇలా. లైబ్రరీలో ఆ పేజీ దగ్గర ఆగిపోయాను. పొడుగ్గా నిలబడితే ఆ జాబితాలో ఒకచోట ఉన్నాను. సిగ్గుపడి వంగితే అదే జాబితాలో ఇంకోచోటికి చేరాను!

ఆవేశం తగ్గాక ఇంకో సంగతి గమనించాను. 'మరీ' అంటే ఎంత? శాస్త్రం ఎక్కడా అంకె చెప్పదు. చూసే సభాపతి కన్నే కొలబద్ద. ఇక శిల్పశాస్త్రంలో తాళమానం ఉంది. అక్కడ కొలత బయటి బద్దతో కాదు, ఆ విగ్రహం ముఖమే ప్రమాణం. నవతాళం అంటే ముఖానికి తొమ్మిది రెట్లని. పొడుగు పొట్టి అనేవి పక్కమనిషితో పోలికలో కాక, తన అవయవాల మధ్య పొందికలో ఉంటాయన్నమాట. 1213 నాటి రామప్ప గుడిలో చూరు కింద నిలబడ్డ నల్లరాతి మదనికలు గుర్తున్నారు కదా? సాగదీసినట్టున్న ఆ కాళ్ళు, ఆ సన్నటి నిలువు! 2021లో ఆ గుడికి యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు ఆ శిల్పాల ఫొటోలే అన్ని పత్రికల్లో వచ్చాయి. రాతిలో అంత పొడుగుని మెచ్చుకున్న కళ్ళే వేదిక మీద నన్ను చివరి వరసలోకి పంపాయి.

కాకతి గణపతిదేవుడి గజసేనాని జాయప 1253-54 ప్రాంతంలో రాసిన నృత్తరత్నావళిని రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ తెలుగు చేశారు. ఏనుగుల దళాన్ని నడిపించేవాడు నాట్యశాస్త్రం రాయడం మనకిప్పుడు వింతగా అనిపిస్తుంది. శరీరబలం, నాట్యం వేర్వేరు గదుల్లో లేని కాలం అది. అందులో పేరణి ప్రస్తావన ఉంది. 20వ శతాబ్దం రెండో సగంలో నటరాజ రామకృష్ణ ఈ పుస్తకాన్నీ రామప్ప శిల్పాలనీ ఆధారం చేసుకుని పేరిణి శివతాండవానికి మళ్ళీ రూపమిచ్చారు. అది వీరుల నాట్యంగా, మగవాళ్ళ నాట్యంగా మన ముందుకొచ్చింది. బలం మగవాళ్ళ వాటాకి, లాస్యం ఆడవాళ్ళ వాటాకి. ఈ పంపకం ఎప్పుడూ ఇలాగే ఉందా?

మా ఇంటికి దగ్గర్లోనే దీనికి జవాబుంది. చిక్కడపల్లి నుంచి విద్యానగర్ మీదుగా వెళ్తే అడిక్‌మెట్ వస్తుంది. ఒకప్పుడది మాహ్‌లఖా బాయి చందా జాగీరు. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆ నేల మీదే లేచింది. నేను పిహెచ్‌డి చేసిన నేలకి ఒక నర్తకి యజమాని అని ఆ అయిదేళ్ళలో నాకెవరూ చెప్పలేదు. మాహ్‌లఖా (1768-1824) గాయని, నర్తకి, ఉర్దూలో దివాన్ కూర్చిన కవయిత్రి. మనం చెప్పుకునేది సాధారణంగా అంతవరకే. విలువిద్య, బల్లెం విసరడం, గుర్రపు స్వారీ కూడా ఆమె సాధన చేసింది. నిజాం అలీఖాన్ వెంట పురుషవేషంలో యుద్ధయాత్రలకి వెళ్ళింది. ఆ కాలంలోనే నిజాం కొలువులో జఫర్ పల్టన్ అని ఆడవాళ్ళ దళం ఉండేది. జనానాకి కాపలా కాస్తూ, యూరప్ తరహా కవాతు నేర్చిన ఈ స్త్రీలు 1795లో మరాఠాలతో జరిగిన ఖర్దా యుద్ధానికి వెళ్ళారు.

వీళ్ళని వీరనారులుగా పూజించాలని నేననడం లేదు. మాహ్‌లఖా వెనక దర్బారు ఉంది, జాగీరులున్నాయి. ఆ పల్టన్ స్త్రీల పేర్లు చాలావరకు మిగలనే లేదు. నేను చెప్పదలచింది చిన్న విషయం. నాట్యం చేసే ఒంటికి బల్లెం విసిరే బలం ఉంటే లాలిత్యం చెడుతుందని ఆ హైదరాబాదు అనుకోలేదు. చేతిలో బల్లెంతో ద్వారపాలకుడిగా నిలబడ్డప్పుడు నాకీ సంగతి తెలిసి ఉంటే ఆ బల్లెం నాకు శిక్షలా అనిపించేది కాదేమో.

కళావంతుల ఇళ్ళలో నాట్యం నేర్చిన స్త్రీల మాట కూడా ఇక్కడ చెప్పుకోవాలి. పదానికి కూర్చుని అభినయం పట్టడం వాళ్ళ సంప్రదాయం. ఒళ్ళు వచ్చినా, వయసు మళ్ళినా కళ్ళూ చేతులూ చాలు. కూర్చున్న మనిషి ఎత్తెవరికి కావాలి? శాస్త్రం ఏమన్నా వాళ్ళ చాప మీద కొలబద్ద పనిచేయలేదు. 1947 మద్రాసు దేవదాసీ చట్టంతో గుళ్ళలో ఆ స్త్రీల ఆటకి తెరపడింది. దోపిడీ పోవాలన్నవాళ్ళ ఆవేదన నిజమే. కానీ దోపిడీతోపాటు ఆ స్త్రీల జీవనోపాధి, వాళ్ళ విద్య కూడా పోయాయి. ఆ విద్య తర్వాత మధ్యతరగతి ఇళ్ళ ఆడపిల్లలకి 'సంస్కృతి'గా మారి వచ్చింది. మా అమ్మ నన్ను చేర్చింది అందులోనే.

కూచిపూడిలో కథ ఇంకో రకం. తరాలుగా అక్కడ ఆడవేషం కట్టింది మగవాళ్ళే. వేదాంతం సత్యనారాయణశర్మ (1935-2012) సత్యభామని చూసినవాళ్ళు ఇప్పటికీ ఆ జడ గురించి, ఆ నడక గురించి చెప్పుకుంటారు. సత్యభామ ఎంత ఎత్తుండాలని ఆయన్నెవరైనా అడిగారా? మగ నటుడు స్త్రీగా మారడం కళ. ఆ కళకి కొలతలడ్డం రాలేదు. స్త్రీలే వేదిక మీదికొచ్చాక మాత్రం వాళ్ళు వాళ్ళ శరీరాలతో సహా వచ్చారు, కొలతలు మొదలయ్యాయి. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, నృత్యనాటికలతో కూచిపూడిని పెద్ద వేదికలకి తెచ్చారు. ఆయన దగ్గర ఎందరో ఆడపిల్లలు నేర్చుకున్నారు. 'శంకరాభరణం' (1980)తో తెలుగువాళ్ళందరికీ తెలిసిన మంజుభార్గవి ఆయన శిష్యురాలే. ఆమె పొడగరి. ఆ నృత్యనాటికల్లో ఆమె పురుషపాత్రలు కూడా చేశారు. ఆమెని చూస్తే నాకు రెండు సంగతులు ఒకేసారి అర్థమవుతాయి. పొడుగమ్మాయికి పురుషపాత్ర ఇవ్వడం ఒక ఆనవాయితీ. ఆ పాత్ర ఒక్కోసారి ఆమెకి వేదికంతా తనదయ్యే అవకాశం కూడా. ఇచ్చేది ఏ పాత్ర అన్నది కాదు, అందులో అడుగులున్నాయా లేవా అన్నది ప్రశ్న.

నా అంచనా ఇది. ఎత్తు మీద ఈ పట్టింపు శాస్త్రం నుంచి కంటే వేదిక నుంచి ఎక్కువ వచ్చింది. వీధిలో, గుడి ముందర, చాప మీద ఆట సాగినప్పుడు జనం చుట్టూ ఉంటారు. 1961లో రవీంద్రభారతి తెరిచారు. మా ఇంటి దగ్గరి త్యాగరాయ గానసభలాంటి హాళ్ళు ఉన్నాయి. అక్కడ జనం ఒకే వైపు కూర్చుంటారు. ఇరవైమంది పిల్లలు వరసల్లో నిలబడతారు. ఒక ఫొటోగ్రాఫరు ఉంటాడు. వరస సమంగా కనిపించాలి. దాంతో పిల్లలు విడివిడి నర్తకులు కాకుండాపోయి ఒక అంచు పట్టీలా మారతారు. పట్టీలో ఒక దారం పైకి లేస్తే కత్తిరించాలనిపిస్తుంది.

ఇక నా మోకాళ్ళ సంగతి. మూడు నెలలు ఫిజియోథెరపిస్టులని, వ్యాయామ శిక్షకులని అడిగి, చదివి, నేను అర్థం చేసుకున్నది సాహిత్యం మనిషి భాషలో చెబుతాను.

గెలీలియో 1638లో అచ్చైన పుస్తకంలో ఒక మాట తేల్చాడు. ఒకే ఆకారాన్ని పెంచుకుంటూ పోతే బలం, బరువు ఒకేలా పెరగవు. కండ బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి, అంటే ఎత్తు వర్గాన్ని బట్టి ఉంటుంది. బరువు ఎత్తు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 150 సెంటీమీటర్ల అమ్మాయినీ, అచ్చం అదే పొందికతో 165 సెంటీమీటర్ల అమ్మాయినీ ఊహించుకోండి. ఎత్తులో తేడా పదోవంతే. పొడుగమ్మాయి బలం 1.21 రెట్లు, బరువు 1.33 రెట్లు అవుతుంది. గిర్రున తిరిగేటప్పుడు ఒళ్ళు ఎదురుతిరిగే తత్వం ఇంకా ఎక్కువ, 1.61 రెట్లు. నిజం మనుషులు ఇలా అచ్చుపోసినట్టు ఉండరు. పొడుగువాళ్ళు సాధారణంగా సన్నంగా ఉంటారు కాబట్టి తేడా ఇంత ఉండదు. కానీ దారి ఇదే.

అరమండి వేసి చూడండి. మోకాళ్ళు పక్కలకి, వెన్ను నిటారుగా. తొడ ఎముక ఎంత పొడుగైతే మోకాలి మీద పడే భారం అంత పెరుగుతుంది, పొడుగు కాడ ఉన్న గరిటతో బరువు ఎత్తినట్టు. పొట్టిపిల్ల అరమండిలోకి ఇట్టే దిగి ఇట్టే లేస్తుంది. చక్రం తిరిగితే టక్కున ఆగుతుంది. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడ్డప్పుడు గరిమనాభి నేలకి దగ్గరగా ఉంటుంది కాబట్టి తూలడం తక్కువ. పొడుగుపిల్లకి ఇవన్నీ కష్టమే. కానీ ఆమె చెయ్యి చాస్తే చివరి కుర్చీ దాకా కనిపిస్తుంది. ఒక అంగలో వేదిక సగం దాటుతుంది. ఆమెకి కావలసింది వేరే వరస కాదు, తొడలకీ తుంటికీ వేరే సాధన. కండ బలపడితే మోకాలు నిలుస్తుంది. 1990ల్లో నాకెవరూ ఇది చెప్పలేదు. నేర్పేవాళ్ళకీ తెలిసి ఉండదు. 'ఇంకా కూర్చో, ఇంకా కూర్చో' అని తొడ మీద కర్ర పడేది. పైగా ఒళ్ళు రాకూడదని రాత్రిపూట అన్నం మానేసేదాన్ని. చాలినంత తిండి లేకుండా సాధన చేసే అమ్మాయిలకి నెలసరి తప్పుతుందని, ఎముకలు గుల్లబారతాయని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఒక పేరు పెట్టి మరీ హెచ్చరించింది. మా తరగతిలో దాని పేరు 'ఫిగర్ కాపాడుకోవడం'.

బరువుల దగ్గర ఈ లెక్కే ఇంకో న్యాయంగా మారింది. పొట్టి మనిషి బార్‌ని తల మీదికి ఎత్తాల్సిన దూరం తక్కువ. తన బరువుతో పోలిస్తే ఆమె బలం ఎక్కువ. నాలుగడుగుల పదకొండంగుళాల మీరాబాయి చాను టోక్యోలో 49 కిలోల తరగతిలో 202 కిలోలెత్తి రజతం తెచ్చింది. ఆ పోటీ 2021లో జరిగింది. ఒక్క క్లీన్ అండ్ జెర్క్‌లోనే 115 కిలోలు, అంటే తన తరగతి బరువుకి రెండు రెట్ల పైన. బరువు తరగతులు ఎందుకు పెట్టారు? అన్ని శరీరాలూ ఒకటి కావని ఒప్పుకున్నారు కాబట్టి. నాట్యంలో అలాంటి ఒప్పుకోలు లేదు. అక్కడ ఒకే ఒక తరగతి, 'మరీ పొడుగూ కాదు, మరీ పొట్టీ కాదు'.

అలాగని ఆ ఆట మనకి ఎర్రతివాచీ పరచలేదు. మగవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ 1896లో మొదటి ఆధునిక ఒలింపిక్స్‌లోనే ఉంది. ఆడవాళ్ళకి 2000 దాకా, నూటనాలుగేళ్ళు ఆగాల్సి వచ్చింది. ఆ మొదటిసారే, 2000 సెప్టెంబర్ 19న, సిడ్నీలో కరణం మల్లేశ్వరి 69 కిలోల తరగతిలో కాంస్యం గెలిచింది. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ స్త్రీ, శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పిల్ల, నీలంశెట్టి అప్పన్న దగ్గర నేర్చుకున్న పిల్ల.

నేను గజ్జెలు విప్పేసిన నెలలోనే ఇది జరిగింది. టీవీ ముందు ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. ఆఖరి ప్రయత్నంలో 137.5 కిలోలకి వెళ్ళి తప్పింది. అమ్మ 'అయ్యో' అని నోటిమీద చెయ్యి వేసుకుంది. నాకు మాత్రం ఆమె పాదాలు విడిగా పెట్టి, మోకాళ్ళు పక్కలకి తెరిచి, వెన్ను నిటారుగా కూర్చున్న తీరు మీదే కళ్ళున్నాయి. అది నాకు తెలిసిన భంగిమే! మా తరగతిలో అందం కోసం కూర్చున్నట్టు ఆమె లేవడానికి కూర్చుంది.

మల్లేశ్వరి 1994, 1995లో 54 కిలోల తరగతిలో ప్రపంచ ఛాంపియన్. సిడ్నీకి వెళ్ళేనాటికి బరువు పెరిగి 69కి మారింది. అప్పుడు ఆమె ఎంపిక మీద, ఆమె లావు మీద పత్రికల్లో ఎన్ని వెక్కిరింపులొచ్చాయో ఆ రోజులు గుర్తున్నవాళ్ళకి తెలుసు. పతకం రాగానే ఆమె 'తెలుగింటి ఆడపడుచు' అయిపోయింది. మన ఉత్తరాంధ్రకే చెందిన కోడి రామమూర్తి గొలుసులు తెంపితే, ఏనుగుని ఛాతీ మీద ఎక్కించుకుంటే 'కలియుగ భీముడు' అన్నారు. ఆయన లావు బలానికి గుర్తు. ఆమె లావు మాత్రం బద్ధకానికి గుర్తు. అయినా ఆ దారి మూసుకుపోలేదు. విజయనగరం జిల్లా నుంచి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల తరగతిలో పతకం తెచ్చింది.

మరి అమ్మ భయం సంగతి? ఎముకల చివర్లలో ఎదుగుదల పలకలుంటాయి. అవి మూసుకుపోయాక ఎత్తు పెరగడం ఆగుతుంది. మూసేది ఈస్ట్రోజెన్, వ్యాయామం కాదు. ఆడపిల్ల పెద్దమనిషి అయ్యాక ఒకట్రెండేళ్ళలో పెరగడం చాలావరకు అయిపోతుంది. శిక్షకుల కళ్ళముందు, పద్ధతిగా, వయసుకి తగ్గ బరువులు ఎత్తితే పిల్లల ఎదుగుదల దెబ్బతినదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2020లో స్పష్టంగా చెప్పింది. వెయిట్‌లిఫ్టర్లు, జిమ్నాస్టులు పొట్టిగా ఎందుకుంటారంటే పొట్టివాళ్ళకి ఆ ఆటలు అచ్చొస్తాయి, అందుకని వాళ్ళే నిలుస్తారు. ఆట వాళ్ళని పొట్టి చేయలేదు. బాస్కెట్‌బాల్ ఆడితే పొడుగవుతారన్నది కూడా ఇలాంటి తిరగేసిన తర్కమే.

ఎత్తుని నిజంగా తినేసేది ఇంకొకటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్ళలోపు పిల్లల్లో 35.5 శాతం వయసుకి తగ్గ ఎత్తు లేరు. 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతానికి రక్తహీనత ఉంది. మరోవైపు దక్షిణ కొరియాలో వందేళ్ళలో స్త్రీల సగటు ఎత్తు ఇరవై సెంటీమీటర్లు పెరిగింది. వాళ్ళ జన్యువులు వందేళ్ళలో మారలేదు, కంచం మారింది. ఎత్తు అంటే తల్లి తిన్న తిండి, చిన్నప్పుడు వచ్చిన జబ్బులు, ఇంట్లో చివర తినే అలవాటు. మనం వంశం అనుకునేదాంట్లో చాలా భాగం చరిత్ర.

ఇంకో విషయం అమ్మతో అనలేకపోయాను, ఇక్కడ రాస్తున్నాను. మా వీధిలో పాత ఇళ్ళు కూలగొట్టి అపార్టుమెంట్లు కడుతున్నప్పుడు పాలమూరు నుంచి వచ్చిన ఆడపిల్లలు నెత్తిన ఇటుకల తట్టలతో మూడంతస్తులు ఎక్కేవారు. వాళ్ళలో పదమూడు, పద్నాలుగేళ్ళవాళ్ళు ఉండేవారు. అమ్మ చిన్నప్పుడు తనే చేదబావి నుంచి బిందెలు మోసింది. 'బరువులెత్తితే ఎత్తు ఆగిపోతుంది' అని వాళ్ళనెవరైనా ఆపారా? ఆడది ఇంటికోసం, కూలికోసం మోస్తే అది పని. తనకోసం ఎత్తితే మాత్రం మనకి ఆమె ఎముకలు గుర్తొస్తాయి.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఆవరణలో పోటీ పరీక్షలకి చదివే అమ్మాయిలు కనిపిస్తారు. అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉంటూ తెల్లవారకముందే పరుగుకి వెళ్ళి, ఆ తర్వాత అక్కడ పుస్తకాలు పట్టేవాళ్ళు. 2022 తెలంగాణ పోలీసు నియామకాల్లో స్త్రీలకి కనీస ఎత్తు 152.5 సెంటీమీటర్లు. శాస్త్రం చెప్పని అంకెని ప్రభుత్వం దశాంశ బిందువుతో సహా చెప్పింది. అక్కడొక అమ్మాయి నాతో అంది, ''మేడం, నాకు ఒక్క సెంటీమీటరు తక్కువ. పొద్దున్నే కొలిస్తే కొంచెం ఎక్కువొస్తదంట, నిజమేనా?'' నిజమే. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య చక్రాలు ఉబ్బుతాయి, సాయంత్రానికి మళ్ళీ నొక్కుకుంటాయి. రోజులో ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయ్యే మనిషి జీవితాన్ని ఆ సెంటీమీటరు తేలుస్తుంది! ఆ అమ్మాయి పరుగులో తన గుంపులో అందరికంటే ముందుంటుందట. ఆమెకి నేనేమీ చెప్పలేకపోయాను.

పిల్లని చివరికి చేర్చాం. మొదటిరోజు నేను కూడా వెళ్ళాను. అక్కడ రెండు రకాల బార్లున్నాయి. మగవాళ్ళది 20 కిలోలు, ఆడవాళ్ళది 15. మనది పొడుగులోనే కాదు, లావులో కూడా తక్కువ. 28 మిల్లీమీటర్లకి బదులు 25. ఆడవాళ్ళ పిడికిలికి సరిపోయేలా చేశారట. దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. నా శరీరాన్ని దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన వస్తువుని అంతకుముందు ఎప్పుడు ముట్టుకున్నానో గుర్తురాలేదు.

ఆర్నెల్ల తర్వాత పిల్లని గుమ్మం దగ్గర నిలబెట్టి గీత గీశాం. ముప్పావు అంగుళం పెరిగింది. అది బరువుల వల్ల పెరిగిందనీ, బరువులెత్తినా పెరిగిందనీ నేననను. దాని వయసుకి పెరగాల్సింది పెరిగింది. ''ఇప్పుడు అమ్మమ్మ'' అని పిల్ల అమ్మని లాక్కొచ్చి చెక్కకి ఆనించి నిలబెట్టింది. 1998 గీత కోసం వెతికాం. అది అమ్మ తలకి రెండు వేళ్ళ పైన ఉంది.

ఎవరం మాట్లాడలేదు. నెలసరి ఆగాక ఆడవాళ్ళ ఎముకలు పల్చబడతాయని, వెన్నుపూసలు కుంగుతాయని నేనూ చదివాను. చదివినదాన్ని మా ఇంటి గుమ్మానికి తగిలించి ఎప్పుడూ చూడలేదు. తర్వాత వారం డాక్టరమ్మ పరీక్షలు చేయించి మందులు రాసింది. నడక ఒక్కటే చాలదని, ఎముకకి పని పెట్టాలని, మెల్లగా బరువులెత్తడం మొదలుపెట్టమని చెప్పింది. అమ్మ నా వైపు చూసి ''నువ్వు గానీ చెప్పించావా?'' అంది.

ఇప్పుడు రోజూ సాయంత్రం అమ్మ వంటగదిలో రెండు లీటరు నీళ్ళ సీసాలు చేతబట్టుకుని నిలబడుతుంది. పిల్ల ఎదురుగా కుర్చీలో కూర్చుని లెక్కపెడుతుంది. ''వెన్ను నిటారుగా అమ్మమ్మా... మోకాళ్ళు పక్కలకి...'' అంటుంది. ఆ మాటలు నాకు చిన్నప్పట్నుంచీ తెలిసినవే. నేనూ వెళ్ళి అమ్మ పక్కన అరమండిలో నిలబడతాను. వంటగదిలో ముందు వరస, వెనక వరస అని లేవు కాబట్టి ఎవరికీ అడ్డం రాను.